పారదర్శక ఫిల్ములో అతినీలలోహిత కాంతిని ఆపాలంటే ఏ కార్బన్ పదార్థం, ఎంత వేయాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న రీతిలో ముందుగా చెబుతాను. పసుపు పొడి, నువ్వుల నూనె వంటి సరుకుల పొట్లాలకు పనికివచ్చే పారదర్శకమైన పాలీవినైల్ ఆల్కహాల్ ఫిల్మును మీరు తయారు చేయాలనుకుంటున్నారు. అందులో అతినీలలోహిత కాంతిని, అంటే యూవీని, ఆపడానికి గ్రాఫీన్ ఆక్సైడ్ (ఆక్సిజన్ చేరిన అతి పలుచని కార్బన్ పలకలు), కార్బన్ నానోట్యూబులు (అతి సన్నని కార్బన్ గొట్టాలు), కార్బన్ డాట్లు (కొద్ది నానోమీటర్ల కార్బన్ కణాలు) అనే మూడింటిలో ఏది వేయాలో, ఎంత వేయాలో తేల్చుకోలేక ఆగారు. వీటన్నిటికంటే ఎంతో చవకైన కార్బన్ బ్లాక్‌నే, అంటే నల్లని మసి పొడినే, కాస్త వేస్తే సరిపోదా అని, పరిశోధన పత్రాల్లో కనిపించే “99 శాతం యూవీని అడ్డుకుంది” అన్న మాటను ఎంతవరకు నమ్మవచ్చునని కూడా అడిగారు.

పాలిథిలిన్ ఫిల్ముల తయారీలోనూ, తరువాత ప్రయోగశాలలోనూ చాలాకాలం ఈ పనే చేసినవాణ్ణి కనుక, పదార్థం పేరుతో మొదలుపెట్టవద్దని మీకు గట్టిగా చెప్పగలను. ఏ తరంగదైర్ఘ్యం వరకు ఆపాలి, ఎంత మందంలో ఆపాలి, ఆ రక్షణ ఫిల్ముకా లేక లోపలి సరుకుకా అన్న మూడు సంగతులు తేలితే పదార్థం దానంతట అదే తేలుతుంది. అవి తేల్చకుండా గ్రాఫీన్ కొత్తది కనుక మంచిదనో, కార్బన్ బ్లాక్ పాతది కనుక పనికిరాదనో అనుకుంటే నెలల శ్రమ వృథా అవుతుంది.

నేలను చేరే ఎండలోని యూవీలో సుమారు 95 శాతం 315 నుంచి 400 నానోమీటర్ల మధ్య ఉండే యూవీ-ఏ. మిగిలిన కొద్ది భాగం 280 నుంచి 315 మధ్య ఉండే యూవీ-బీ. 280 కంటే తక్కువ ఉన్న యూవీ-సీని ఓజోన్ పొర, వాతావరణం పూర్తిగా ఆపేస్తాయి. కనుక 230 దగ్గరో 260 దగ్గరో శోషణ బ్రహ్మాండంగా ఉందని చూపే గ్రాఫు ఎంత అందంగా ఉన్నా, ఎండకు సంబంధించినంత వరకు దాని విలువ తక్కువ. మీరు చూడవలసినది 320 నుంచి 400 వరకు ఉన్న భాగాన్ని, అందులోనూ చివరి 30 నానోమీటర్లను. శక్తి లెక్కలో చూస్తే 300 నానోమీటర్ల కాంతి మోలుకు దాదాపు 399 కిలోజౌళ్లు, 350 దగ్గర 342, 400 దగ్గర 299 కిలోజౌళ్లు మోసుకొస్తుంది. కార్బన్-కార్బన్ ఏక బంధం శక్తి సుమారు 350 కిలోజౌళ్లు. పాలిమర్లకు యూవీ ఎందుకు ప్రమాదకరమో ఈ అంకెల్లోనే ఉంది. అయితే స్వచ్ఛమైన పాలిథిలిన్ ఈ కాంతిని దాదాపు పీల్చుకోనే పీల్చుకోదు. తయారీ వేడిలో పుట్టిన కార్బొనైల్, హైడ్రోపెరాక్సైడ్ సమూహాలు, మిగిలిపోయిన ఉత్ప్రేరకపు జాడలు పీల్చుకుని స్వేచ్ఛా రాడికళ్లను, అంటే జతలేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన ముక్కలను, పుట్టిస్తాయి. అక్కడినుంచి ఆక్సిజన్ తోడై గొలుసులు తెగడం మొదలవుతుంది.

ఇక ఎవరిని రక్షించాలన్న సంగతి. ఫిల్ము లోపలి సరుకును రక్షించడానికి ఫిల్ము మొత్తం మందం పనిచేస్తుంది. కాంతి ఒక ముఖం నుంచి రెండో ముఖానికి వచ్చేసరికి తగ్గితే చాలు. ఫిల్మును రక్షించడం వేరు. ఎండవైపు ఉన్న మొదటి రెండు మూడు మైక్రాన్లకు ముందు ఏ అడ్డూ లేదు. అక్కడ పడే యూవీ పూర్తి బలంతోనే పడుతుంది. శోషక పదార్థం ఎంత మంచిదైనా తన వెనుక ఉన్నదాన్నే కాపాడగలదు. రెండు మిల్లీమీటర్ల పైపులో పై పొర పాడైనా గోడ నిలబడుతుంది, ఇరవై మైక్రాన్ల ఫిల్ములో ఆ పై పొరే ఫిల్ములో పెద్ద భాగం. అందుకే పలుచని ఫిల్ములకు శోషకంతో పాటు రాడికళ్లను పట్టి అణచే పదార్థం కూడా కావాలి. వాణిజ్యంగా ఆ పని హిండర్డ్ అమైన్ స్టెబిలైజర్లు చేస్తాయి. కార్బన్ పదార్థాల్లో కొన్నింటికి ఈ రెండు గుణాలూ ఉండటమే నన్ను ఈ రంగంలో ఇంతకాలం నిలిపిన విషయం.

మీ సరుకు విషయంలో ఒక కఠినమైన నిజం ముందే చెప్పాలి. పసుపులోని కర్క్యుమిన్ శోషణ శిఖరం 425 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే కంటికి కనిపించే నీలి-ఊదా కాంతిలో. దుగ్గిరాలదైనా నిజామాబాదుదైనా పసుపు పొడి కొట్టు అద్దాల వెనుక రంగు వెలిసిపోవడంలో ఈ దృశ్యకాంతికి పెద్ద వాటా ఉంది. 400 దగ్గర కచ్చితంగా తెగే ఫిల్ము యూవీ వల్ల జరిగే నష్టాన్ని ఆపుతుందే కాని దృశ్యకాంతి వల్ల జరిగే నష్టాన్ని ఆపదు. ఎండుమిర్చి రంగుకు కారణమైన కెరోటినాయిడ్లదీ ఇదే కథ, అవి 450 నుంచి 500 మధ్య పీల్చుకుంటాయి. పాలలోని రైబోఫ్లేవిన్‌కు 370 దగ్గర ఒకటి, 450 దగ్గర ఒకటి శిఖరాలున్నాయి కనుక యూవీని మాత్రమే ఆపే సంచి పాలను సగమే కాపాడుతుంది. నూనెల్లో పత్రహరిత జాడలు ఉంటే ఎర్ర కాంతితో కూడా ఆక్సీకరణ జరుగుతుంది. కాబట్టి “నా ఫిల్ము యూవీని ఆపింది” అన్నంత మాత్రాన “నా సరుకు నిలిచింది” అని రాయవద్దు. రెండోదానికి సరుకు మీదే పరీక్ష కావాలి. పసుపు కోసమే అయితే 450 వరకు తెగే, స్పష్టంగా పసుపుపచ్చని ఛాయ ఉన్న ఫిల్మే సరైనదని నా అభిప్రాయం. పసుపు పొట్లానికి ఆ ఛాయ లోపం కూడా కాదు.

ఇప్పుడు పదార్థాలకు వద్దాం. కార్బన్ నానోపదార్థాలను వాటి ఆకారాన్ని బట్టి కాక, వాటి శోషణ రేఖ ఆకారాన్ని బట్టి రెండుగా విడదీయడం ఈ పనికి ఉపయోగకరం. కార్బన్ బ్లాక్, గ్రాఫీన్, నానోట్యూబులు ఒక జట్టు: వీటి శోషణ యూవీ నుంచి దృశ్యకాంతి గుండా పరారుణం వరకు సాగే వాలు, ఎక్కడా తెగదు. కార్బన్ డాట్లు మరో జట్టు: వీటి శోషణ ఒకచోట పడిపోతుంది, ఆ పడిపోయే చోటును తయారీలో కొంతవరకు జరపవచ్చు. గ్రాఫీన్ ఆక్సైడ్ ఈ రెండింటి మధ్య ఇరుక్కుని ఉంటుంది.

కార్బన్ బ్లాక్‌ను కొద్దిగా వేసి పారదర్శకంగా ఉంచవచ్చా అన్న మీ ప్రశ్నకు లెక్కే జవాబు చెబుతుంది. దాని శోషణ ఉజ్జాయింపుగా తరంగదైర్ఘ్యానికి విలోమంగా మారుతుంది. 350 దగ్గర 1 శాతం కాంతి మాత్రమే దాటాలంటే శోషణాంకం (దాటే కాంతి పదో వంతయితే 1, నూరో వంతయితే 2 అని లెక్కించే అంకె) 2 ఉండాలి. అప్పుడు 550 దగ్గర, అంటే మన కంటికి అత్యంత స్పష్టంగా తెలిసే ఆకుపచ్చ కాంతిలో, అది 1.27 వరకు ఉంటుంది. అంటే దృశ్యకాంతిలో దాటేది 5 శాతం చిల్లరే. పారదర్శకత అన్న మాటే అక్కడ ఉండదు. పరిమాణాన్ని సగం చేస్తే 350 దగ్గర 10 శాతం యూవీ లోపలికి వస్తుంది, దృశ్యకాంతి 23 శాతం దగ్గర ఆగుతుంది. ఎటు తిప్పినా లాభం లేదు. ఒంటిపొర గ్రాఫీన్ పరిస్థితి కొంత మెరుగే కాని చాలదు. అది దృశ్యకాంతిలో పొరకు 2.3 శాతం పీల్చుకుంటుంది, 270 దగ్గర ఉన్న శిఖరంలో సుమారు 9 నుంచి 10 శాతం పీల్చుకుంటుంది. అంటే శిఖరం దగ్గర యూవీని 1 శాతానికి తేవడానికి తగినన్ని పొరలు వేస్తే దృశ్యకాంతి మూడో వంతుకు పడిపోతుంది. అది కూడా ఎండలో లేని 270 దగ్గర. 350కి వచ్చేసరికి ఆ అనుకూలత చాలావరకు కరిగిపోతుంది. నానోట్యూబుల శోషణ శిఖరం కూడా 260 పరిసరాల్లోనే ఉంటుంది కనుక వాటికీ ఇదే తీర్పు. పారదర్శకత కావలసిన చోట ఈ మూడూ పనికిరావు. విద్యుద్వాహకత కూడా కావాలనుకున్నప్పుడు తప్ప నానోట్యూబుల జోలికి వెళ్లడానికి మీకు కారణం కనిపించదు.

పారదర్శకత అక్కరలేని చోట మాత్రం కార్బన్ బ్లాక్‌ను మించినది లేదన్నది నా దృఢ విశ్వాసం. అది పాతదని చులకన చేయడం తగదు. దాని ప్రాథమిక కణాలు కొన్ని పదుల నానోమీటర్లే ఉంటాయి కనుక అది కూడా నానోపదార్థమే. అమెరికాలో బెల్ ప్రయోగశాలలవారు టెలిఫోన్ కేబుళ్ల పాలిథిలిన్ తొడుగులను ఎండలో పరీక్షించి 1950లో ప్రచురించిన పని నుంచి నేటి వరకు సుమారు 2 నుంచి 2.5 శాతం అన్న మోతాదు మారలేదు. మన పొలాల్లో నీరు పారే నల్లని హెచ్‌డీపీఈ పైపులకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 4984 కూడా కార్బన్ బ్లాక్‌ను 2.5 శాతానికి అర శాతం అటూ ఇటూగా కోరుతుంది. డ్రిప్ లేటరల్ పైపులు, మిర్చి తోటల్లో వేసే మల్చింగ్ షీట్లు దీని మీదే బతుకుతున్నాయి. కార్బన్ బ్లాక్ యూవీని పీల్చి వేడిగా మార్చడమే కాదు, దాని ఉపరితలంపై ఉండే ఫినాల్, క్వినోన్ సమూహాలు రాడికళ్లను పట్టుకుంటాయి కూడా. పైన చెప్పిన మొదటి రెండు మైక్రాన్ల సమస్యకు ఇదే ఊరట.

అయితే దాని బలమంతా చెదిరే తీరులో ఉంది. 20 నుంచి 25 నానోమీటర్ల కణాలు ఉన్న రకం యూవీకి ఎంతో మంచిది, కాని కణం చిన్నదైనకొద్దీ ముద్దలు కట్టే గుణం పెరుగుతుంది. సుమారు 40 శాతం కార్బన్ బ్లాక్ ఉన్న మాస్టర్‌బ్యాచ్ దాణాను, అంటే ముందే గాఢంగా కలిపిన ప్లాస్టిక్ గింజలను, సాదా దాణాతో కలిపి ఒకే స్క్రూ ఉన్న యంత్రంలో తొందరగా ఊదితే ఏమవుతుందో చూడాలంటే ఆ షీటును కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే చాలు. నల్లగా కనిపించే షీటులోనే యంత్రం లాగిన దిశలో సన్నని గోధుమరంగు చారలు, వాటి పక్కనే సూదిమొనంత గట్టి చుక్కలు కనిపిస్తాయి. ఆ చార దగ్గర కార్బన్ తక్కువ, చుక్క దగ్గర ఎక్కువ. ప్రయోగశాలలో మాడ్చి తూచితే సగటు 2.5 శాతమే వస్తుంది. ఎండ మాత్రం సగటును చూడదు, చార దగ్గరే చీలుస్తుంది. మాస్టర్‌బ్యాచ్ వాహక పాలిమర్ కరిగే జిగట, సాదా దాణా జిగట దగ్గరగా ఉండేట్టు ఎంచుకోవడం, రెండు స్క్రూల యంత్రంలో ముందే కలపడం, పలుచని ముక్క కోసి సూక్ష్మదర్శినిలో చూడటం అనే మూడు పనులను నేను ఎన్నడూ వదలను. మీరు కార్బన్ డాట్లతో పనిచేసినా ఈ పాఠం మారదు.

గ్రాఫీన్ ఆక్సైడ్ పట్ల ఎందరికో ఉన్న మోజుకు కారణం అది నీటిలో తేలికగా కలవడం. 1958లో హమ్మర్స్, ఆఫ్‌మన్ వివరించిన పద్ధతిలో గంధకామ్లం, సోడియం నైట్రేట్, పొటాషియం పర్మాంగనేట్‌లతో గ్రాఫైట్‌ను ఆక్సీకరిస్తే ఉపరితలమంతా ఆక్సిజన్ సమూహాలు చేరతాయి. అవి పాలీవినైల్ ఆల్కహాల్ హైడ్రాక్సిల్ సమూహాలతో హైడ్రోజన్ బంధాలు కడతాయి. ఫిల్ము బలం పెరుగుతుంది, పలకలు అడ్డుపడి ఆక్సిజన్ చొరబాటు తగ్గుతుంది. నూనె పొట్లానికి ఇది నిజమైన లాభం. యూవీ విషయంలో మాత్రం దాని శిఖరం 230 దగ్గర, చిన్న భుజం, అంటే శిఖరం పక్కని ఉబ్బు, 300 దగ్గర. యూవీ-ఏలో పనిచేసేది ఆ భుజం తోక మాత్రమే. పైగా యూవీ పడేకొద్దీ అది తానే క్షయకరణం చెంది, అంటే ఆక్సిజన్ కోల్పోయి, శిఖరం 270 వైపు జరిగి, తేనెరంగు ఫిల్ము క్రమంగా బూడిద-నలుపుకు తిరుగుతుంది. అడ్డుకునే శక్తి పెరిగినట్టు కనిపిస్తుంది కాని ఫిల్ము రంగు మీ చేతుల్లో ఉండదు. ఆక్సిజన్‌ను అడ్డుకోవడం కోసం అర శాతం లోపు వేయండి, యూవీ భారాన్ని దాని మీద పెట్టకండి.

అరవై కార్బన్ పరమాణువుల బంతి అయిన ఫుల్లరీన్ సీ60 గురించి ఒక మాట. అది రాడికళ్లను స్పాంజిలా పీల్చుకుంటుందన్నది నిజమే. అదే సమయంలో కాంతి పడితే ఆక్సిజన్‌ను అతి చురుకైన సింగ్లెట్ ఆక్సిజన్‌గా మార్చే చురుకైన కాంతి సంవేదకం కూడా. నూనె పక్కన దాన్ని ఉంచమని నేను ఎవరికీ చెప్పను.

మీ పనికి తగినవి కార్బన్ డాట్లే. 2004లో ఒంటిపొర నానోట్యూబుల మసిని శుద్ధి చేస్తుండగా అనుకోకుండా బయటపడిన ఈ కణాలకు 2006లో కార్బన్ డాట్లు అన్న పేరు వచ్చింది. ఇప్పుడు ఎక్కువమంది వాడే తీరు సులువైనది: సిట్రిక్ ఆమ్లం, ఇథిలిన్ డైఅమైన్‌లను నీటిలో కరిగించి, టెఫ్లాన్ లోపలి గిన్నె ఉన్న ఉక్కు ఆటోక్లేవులో 200 డిగ్రీల దగ్గర సుమారు ఐదు గంటలు ఉంచడం. వచ్చే గోధుమరంగు ద్రవం 365 నానోమీటర్ల దీపం కింద గాఢమైన నీలంగా వెలుగుతుంది. దాని శోషణ శిఖరం 340 నుంచి 350 మధ్య, అంటే యూవీ-ఏ నడిబొడ్డున ఉంటుంది. దృశ్యకాంతిలోకి వచ్చేసరికి బాగా పడిపోతుంది. గ్రాఫీన్ జట్టులో దేనికీ లేని గుణం ఇదే.

రెండు చిక్కులను మాత్రం మరువకూడదు. ఒకటి, ఆ ద్రవంలో ఉన్నదంతా కార్బన్ కణాలు కాదు. సిట్రిక్ ఆమ్లం, అమైన్ కలిసి పిరిడోన్ తరహా చిన్న అణువులను కూడా పుట్టిస్తాయి. ఆ నీలి వెలుగులో అధిక భాగం వాటిదే కావచ్చు. చిన్న అణువులు ఫిల్ములోంచి నీటిలోకి, సరుకులోకి జారిపోతాయి. కాబట్టి చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే డయాలిసిస్ సంచిలో ఉంచి, బయటి నీరు మారుస్తూ, బయటి నీటిలో 365 దీపం కింద నీలి వెలుగు పూర్తిగా ఆగేవరకు శుద్ధి చేయండి. శుద్ధి తరువాత దిగుబడి చూసి చాలామంది నిరుత్సాహపడతారు, కాని ఆ మిగిలినదే మీ అసలు పదార్థం. రెండోది, 380 నుంచి 400 మధ్య ఈ రకం డాట్ల శోషణ బలహీనం. ఆ సందును పూడ్చాలంటే ఆర్థో-ఫినిలిన్ డైఅమైన్ వంటి, బెంజీన్ వలయం ఉన్న (ఆరోమాటిక్) అమైన్‌తో చేసిన, దీర్ఘ తరంగాల వైపు పీల్చే డాట్లను కొద్దిగా కలపాలి. దానితో పసుపుపచ్చని ఛాయ తప్పదు. రంగు లేకుండా 400 వరకు పూర్తిగా ఆపడమన్నది ఏ కార్బన్ డాటుతోనూ తేలిక కాదు. ఈ బేరంలో ఎక్కడ ఆగాలో సరుకే నిర్ణయించాలి.

ఎంత వేయాలన్నదానికి బీర్-లాంబర్ట్ సూత్రం తప్ప దారి లేదు, అదీ మీ సొంత డాట్ల మీద కొలిచి. శోషణాంకం గాఢతకూ మందానికీ అనులోమంగా పెరుగుతుందన్నదే ఆ సూత్రం. పూర్తిగా ఎండబెట్టి తూచిన డాట్లను లీటరుకు 0.05 గ్రాముల చొప్పున కరిగించి, ఒక సెంటీమీటరు క్యూవెట్‌లో 350 దగ్గర శోషణాంకం 0.5 వచ్చిందనుకుందాం. అంటే వాటి శోషణ గుణకం గ్రాముకు, సెంటీమీటరుకు 10 లీటర్లు. మీ ఫిల్ము 50 మైక్రాన్లు, అంటే 0.005 సెంటీమీటర్లు. దానిలో శోషణాంకం 2 కావాలంటే లీటరు ఫిల్ముకు 40 గ్రాముల డాట్లు ఉండాలి. పాలీవినైల్ ఆల్కహాల్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.3 గ్రాముల దరిదాపు కనుక బరువులో ఇది 3 శాతం. అదే 20 మైక్రాన్ల ఫిల్ము అయితే 7 శాతం దాటుతుంది, 200 మైక్రాన్లయితే ఒక శాతం కూడా అక్కరలేదు. “ఒక శాతంతోనే 99 శాతం అడ్డుకుంది” అన్న వాక్యాన్ని ఎక్కడ చదివినా ముందు ఆ ఫిల్ము మందం వెతకండి. పెట్రీ పళ్లెంలో పోసి ఆరబెట్టిన ఫిల్ము తరచు వంద మైక్రాన్లు దాటి ఉంటుంది, అంగడిలో సరుకు పొట్లం దానిలో సగం కూడా ఉండదు. మందం చెప్పని శాతానికి అర్థం లేదు. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర అని చెప్పని శాతానికి అంతకంటే లేదు.

ఫిల్ము పోసే పని చిన్నదిగా కనిపిస్తుంది కాని ఫలితమంతా అక్కడే చెడుతుంది. పాలీవినైల్ ఆల్కహాల్ పొడిని ముందు చల్లని నీటిలో చల్లి తడవనిచ్చి, తరువాత కలుపుతూ 90 డిగ్రీలకు తీసుకెళ్లాలి. నేరుగా వేడి నీటిలో వేస్తే పైన జిగురు కట్టి లోపల పొడి మిగిలిన ఉండలు ఏర్పడతాయి. ద్రావణం చల్లారాకనే డాట్లు కలిపి, బుడగలు పోయేదాకా కదపకుండా ఉంచి, మట్టం సరిచూసిన బల్లపై పోసి, 40 డిగ్రీల దగ్గర నిదానంగా ఆరబెట్టండి. తొందరపడి వేడి పెంచితే అంచుల వైపు డాట్లు చేరి, 365 దీపం కింద అంచున ప్రకాశవంతమైన ఉంగరం, మధ్యలో వెలవెలబోయిన వృత్తం కనిపిస్తాయి. అటువంటి ఫిల్ములో మధ్య ముక్క కొలిచినవారికీ, అంచు ముక్క కొలిచినవారికీ వేర్వేరు జవాబులు వస్తాయి. మోతాదు పెంచేకొద్దీ డాట్లు దగ్గరై వెలుగు తగ్గిపోవడం సహజం. వెలుగు తగ్గినంత మాత్రాన శోషణ తగ్గినట్టు కాదు. యూవీని ఆపడానికి కావలసింది శోషణే.

కొలతలో ఒక ఉచ్చు ఉంది. మామూలు స్పెక్ట్రోఫోటోమీటరులో నమూనా తరువాత తరంగదైర్ఘ్యాన్ని విడదీసే ఏర్పాటు ఉండదు. 350 కాంతిని డాట్లు పీల్చి 440 దగ్గర నీలంగా తిరిగి విడిచినప్పుడు, ఆ నీలి కాంతిని కూడా యంత్రం “దాటిన 350” గానే లెక్కవేస్తుంది. సమగ్ర గోళం వాడితే ఈ దోషం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అది అన్ని దిక్కుల వెలుగునూ పోగుచేస్తుంది. అందువల్ల నిజానికి అర శాతమే దాటే ఫిల్ము మూడు నాలుగు శాతం దాటినట్టు కనిపించవచ్చు. నమూనాను డిటెక్టరుకు దూరంగా జరిపి కొలవడం, లేదా డిటెక్టరు ముందు నీలి కాంతిని ఆపి యూవీని వదిలే ఫిల్టరు పెట్టడం దీనికి విరుగుడు. మందం సమానంగా ఉన్న సాదా ఫిల్మును ఎప్పుడూ పోలికకు పెట్టుకోండి. మసకను వేరుగా కొలవండి. దానికి ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ డీ1003 పద్ధతి ఉంది. యూవీ ఆగింది డాట్లు పీల్చడం వల్లనా, ముద్దలు చెదరగొట్టడం వల్లనా అన్నది ఆ కొలతే చెబుతుంది.

మొదటి రోజు కొలతతో సంతృప్తి చెందవద్దు. కార్బన్ డాట్లు, ముఖ్యంగా చిన్న అణువులు ఎక్కువగా ఉన్న రకాలు, కాంతికి వెలిసిపోతాయి. ఏఎస్‌టీఎం జీ154లో చెప్పిన యూవీఏ-340 దీపాలు సూర్యకాంతిలోని చిన్న తరంగాల భాగాన్ని బాగా పోలి ఉంటాయి; 60 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటల కాంతి, 50 డిగ్రీల దగ్గర నాలుగు గంటల తేమ అన్నది సాధారణ చక్రం. పాలీవినైల్ ఆల్కహాల్‌కు ఆ తేమ భాగం ప్రాణాంతకం కనుక మీరు కాంతి భాగాన్ని మాత్రమే వాడి, ఆ సంగతి స్పష్టంగా రాయండి. కొన్ని రోజులకొకసారి 350, 380, 400 దగ్గర పారగమ్యతను కొలిచి కాలంతో గీస్తే మీ ఫిల్ము ఆయుష్షు తెలుస్తుంది. పాలిథిలిన్ ఫిల్ముల్లోనైతే పరారుణ వర్ణపటంలో 1715 సెం.మీ⁻¹ దగ్గర పెరిగే కార్బొనైల్ శిఖరాన్ని, తెగేముందు సాగే శాతం సగానికి పడిపోయే సమయాన్ని చూస్తాము. ఈ పరికరాలు మీ కళాశాలలో లేకపోతే హైదరాబాద్, విజయవాడల్లోని సిపెట్ కేంద్రాల వంటి ప్లాస్టిక్ పరీక్షా కేంద్రాలను సంప్రదించండి.

ఇంత శ్రమ ఎందుకు, బెంజోఫినోన్, బెంజోట్రయజోల్ శోషకాలు లేవా అని మీ మార్గదర్శకులు అడగవచ్చు, అడగాలి కూడా. అవి రంగు లేకుండా యూవీ-ఏను చక్కగా ఆపుతాయి, పాలిథిలిన్‌లో కలుస్తాయి. కాని చిన్న అణువులు కనుక కాలక్రమంలో పైకి తేలి పోతాయి, కొన్ని ప్రకృతిలో విచ్ఛిన్నం కావు. బెంజోట్రయజోల్ కుటుంబానికి చెందిన యూవీ-328ను 2023లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద నిర్మూలించవలసిన కాలుష్యకాల జాబితాలో చేర్చారు. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ తేలిపోవు, కాని పూత లేకుండా వాడితే కాంతిలో ఉత్ప్రేరకాలుగా మారి చుట్టూ ఉన్న పాలిమర్‌నే తింటాయి. టైటానియం డయాక్సైడ్ వక్రీభవన గుణకం 2.7 దాకా ఉండటం వల్ల కణాలు ఏమాత్రం ముద్దకట్టినా ఫిల్ము పాలలా తెల్లబడుతుంది. శుద్ధిచేసిన కార్బన్ డాట్లకు చోటు ఉన్నది సరిగ్గా ఈ ఖాళీలోనే. నీటితో పనిచేసే పాలిమర్లలో ఆ చోటు నిజమైనది. పాలిథిలిన్, పాలీప్రొపిలిన్ వంటి జిడ్డు స్వభావపు పాలిమర్లలో మాత్రం డాట్లు కలవవు. వాటి ఉపరితలానికి పొడవైన ఆల్కైల్ గొలుసులను తగిలించాలి, అప్పుడు కూడా ఫిల్ము ఊదే వేడికి ఆగుతాయో లేదో విడిగా చూడాలి. పాలీహౌస్ షీట్లకు ఇవి రేపే వచ్చేస్తాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అక్కడ ప్రశ్నలు కూడా వేరు: యూవీ తగ్గితే తెల్లదోమ, తామర పురుగుల రాక తగ్గుతుంది, గులాబీ రేకుల నల్లబాటు తగ్గుతుంది, అదే యూవీ లేక వంకాయకు ఊదారంగు సరిగా పట్టదు, యూవీని చూసి దారి పట్టే తేనెటీగలు తడబడతాయి.

మీ ఫిల్ముకు తేమ పెద్ద శత్రువు. పొడిగా ఉన్నప్పుడు ఆక్సిజన్‌ను అద్భుతంగా ఆపే పాలీవినైల్ ఆల్కహాల్, వర్షాకాలపు గాలిలో నీరు పీల్చి ఆ గుణాన్ని చాలావరకు కోల్పోతుంది. సిట్రిక్ ఆమ్లంతో వేడిచేసి గొలుసులను ముడివేయడం ఒక దారి. డాట్లున్న పొరను మధ్యలో ఉంచి రెండు వైపులా పాలిథిలిన్ పొరలు అంటించడం ఇంకా మేలైన దారి. రెండోదానివల్ల డాట్లు నేరుగా సరుకును తాకవు. పాలిథిలిన్ గుండా చిన్న అణువులు నెమ్మదిగా దాటగలవు కనుక శుద్ధి అవసరం మాత్రం అప్పుడూ తప్పదు.

ఆహారాన్ని తాకే వస్తువు కాబట్టి అనుమతుల సంగతిని చివరికి వాయిదా వేయకండి. యూరోపియన్ నిబంధనల్లో కార్బన్ బ్లాక్‌ను ఆహారాన్ని తాకే ప్లాస్టిక్‌లో గరిష్ఠంగా 2.5 శాతం వరకు, కణ పరిమాణాలకు పరిమితులు పెట్టి అనుమతించారు. ఇతర నానో రూపాలకు అవి విడిగా అనుమతి కోరతాయి. పొడి దశలో మీ భద్రత కూడా చూసుకోండి. కార్బన్ బ్లాక్‌ను, నానోట్యూబుల్లో ఎండబ్ల్యూసీఎన్‌టీ-7 అనే రకాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మానవులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న 2బీ వర్గంలో ఉంచింది. ప్రమాదం పీల్చడంలో ఉంది కాని ఫిల్ములో బిగిసిన కణాల్లో కాదు. తూకం వేసేటప్పుడు గాలిని బయటికి లాగేసే అర (ఫ్యూమ్ హుడ్), తగిన మాస్కు ఉండాలి, వీలైనంత వరకు తడి రూపంలోనే పనిచేయాలి. డాట్లు సరుకులోకి జారిపోతాయా అని చూసే పరీక్షకు 3 శాతం ఎసిటిక్ ఆమ్లం, 10 శాతం ఇథనాల్, వంటనూనె అనే మూడు ద్రవాల్లో ఫిల్ము ముక్కలను 40 డిగ్రీల దగ్గర పది రోజులు ఉంచి, ఆ ద్రవాలను ఫ్లోరోమీటరులో 350తో ఉత్తేజపరచి 440 దగ్గర చూడండి. సాదా ఫిల్ము ఉంచిన ద్రవాన్ని పోలికకు తప్పక పెట్టుకోండి, ఎందుకంటే వంటనూనెకు తనదైన వెలుగు ఉంటుంది. నీలి వెలుగు పోలిక నమూనా కంటే పెరిగితే డాట్లు బయటికి వస్తున్నట్టే. మళ్లీ డయాలిసిస్ దగ్గరికి వెళ్లి మొదలుపెట్టండి, మోతాదు సర్దుబాటు తరువాతి పని.